తాళం పక్కింట్లో

2024 మార్చి 16న ఎలక్షన్ కోడ్ వచ్చింది. ఆ వారంలోనే మా ఊళ్ళో ఒక పెద్దాయన తన లైసెన్స్ తుపాకీని పాత దుప్పట్లో చుట్టి, ఎక్సెల్ బండి మీద అడ్డంగా పెట్టుకుని చంద్రగిరి పోలీస్ స్టేషన్‌కి పోయి అప్పజెప్పి వచ్చాడు. చెనిక్కాయల చేన్లో అడవి పందుల్ని బెదిరించడానికి ఎప్పుడో తీసుకున్న తుపాకీ అది. దాన్ని కాల్చగా నేనైతే ఎప్పుడూ చూడలేదు. అయినా ప్రతి ఎలక్షన్‌కీ ఇదే తంతు. డిపాజిట్ చేస్తారు, రసీదు తీసుకుంటారు, రిజల్ట్స్ వచ్చి ఊరు చల్లబడినాక వెనక్కి తెచ్చుకుంటారు. "నన్ను అనుమానిస్తారా?" అని ఆయన అలగలేదు. ఊళ్ళో ఎవరూ తప్పుగా అనుకోలేదు కూడా. ఆవేశాలు ఎక్కువగా ఉండే రోజుల్లో ఆయుధం చేతికి అందకుండా ఉంటే అందరికీ మంచిదని రాయలసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఈ ఆర్టికల్ అంతా ఆ ఒక్క పాయింట్ గురించే. నేను టెన్త్ దాకా ఇంగ్లీష్ మీడియం, నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

అమెరికాలో ఇళ్ళల్లో తుపాకులు ఎక్కువ, అక్కడ తుపాకీతో చనిపోయేవాళ్ళలో సగం మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్ళే. అందుకని కొలరాడో రాష్ట్రంలో 2019లో ఒక మ్యాప్ తయారు చేశారు. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేనప్పుడు, గొడవలప్పుడు, కొన్నాళ్ళు తుపాకీని ఇంట్లో లేకుండా ఎక్కడ దాచుకోవచ్చో చూపించే మ్యాప్. అందులో గన్ షాపులున్నాయి, షూటింగ్ రేంజ్‌లున్నాయి, పోలీస్ స్టేషన్లున్నాయి. తుపాకీ నీదే, లాక్కోవడం లేదు, కొన్ని రోజులు మా దగ్గర పెట్టు, అంతే.

ఇజ్రాయెల్ ఇంకా ముందే ఇలాంటిది చేసింది. అక్కడ పద్దెనిమిది దాటితే ఆర్మీకి పోవాలి. వీకెండ్‌కి ఇంటికొచ్చేటప్పుడు పిల్లలు తుపాకీ కూడా తెచ్చుకునేవాళ్ళు. 2006లో రూల్ మార్చి, వీకెండ్‌లో తుపాకీ బేస్‌లోనే వదిలి రమ్మన్నారు. ఆ తర్వాత 18 నుంచి 21 ఏళ్ళ సైనికుల్లో ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. తగ్గింది కూడా ముఖ్యంగా వీకెండ్‌లో. మిగతా రోజుల్లో పెద్దగా మార్పు లేదు. అంటే ఆ పిల్లల కష్టాలేవీ తీరలేదు, వీకెండ్ అయిపోతే అదే ఆర్మీ, అదే డ్యూటీ. వాళ్ళవి మన వయసులే. ముఖ్యంగా మారింది ఒక్కటే, ఆ రెండు రోజులు చేతికందే దూరంలో తుపాకీ లేదు.

మన దగ్గర తుపాకీ పాత్ర వేరేది పోషిస్తోంది. అది మందు డబ్బా.

తెలుగులో "మందు" అనే మాట చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. జ్వరానికి వేసుకునేదీ మందే, బ్రాందీ షాపులో అమ్మేదీ మందే, చేనుకి కొట్టేదీ మందే. ఊళ్ళో ఎవరైనా "వాడు మందు తాగినాడంట" అంటే, చెప్పే గొంతుని బట్టి ఏ మందో అర్థం చేసుకోవాలి. నేను చిన్నప్పుడు ఒకసారి తప్పుగా అర్థం చేసుకున్నా.

మా అవ్వావాళ్ళది చంద్రగిరి మండలంలో ఒక చిన్న ఊరు. మా వీధిలోనే ఒక అక్క ఉండేది, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఎండాకాలం సెలవులకి నేను పోతే, నాకు తెలుగు చదవడం రాదని నవ్వి, బస్సుల బోర్డులూ గోడల మీద సినిమా పోస్టర్లూ చూపించి ఒత్తులు నేర్పింది. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు సగం ఆమె పెట్టిన భిక్ష. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఒక సాయంత్రం అమ్మకి ఫోన్ వచ్చింది. అమ్మ "మందు తాగిందంట" అని నాన్నతో చెప్తే, నేను "ఆ అక్క మందు తాగదే" అన్నా. అప్పటికే తిరుపతికి తీసుకెళ్తున్నారు. బతకలేదు.

ఎందుకు అని నన్ను అడగొద్దు. నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడినవాళ్ళు మాత్రం ఊరి నిండా ఉన్నారు. మార్కులు అన్నారు, ఇంట్లో తిట్టారు అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. ఏ ఒక్క కారణంతోనూ మనిషి చనిపోడని తర్వాత చదివి తెలుసుకున్నా. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే: ఆ డబ్బా వాళ్ళింట్లోనే ఉండింది. టమాటాకి కొట్టగా మిగిలింది. అది దాచింది కాదు, దొంగతనంగా కొన్నదీ కాదు. చీపురు లాగా, చేట లాగా, ఇంట్లో ఒక వస్తువు. ఆ సాయంత్రం అది అక్కడ లేకపోయుంటే? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా అవ్వనీ వదల్లేదు. పదిహేను రోజులు కాకముందే మా ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ తీసి గోతాంలో వేసి, చేను దగ్గర మోటరు రూములో పాత ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసింది. అంతవరకూ చాలామంది చేస్తారు. అవ్వ చేసిన అసలు పని ఏంటంటే, ఆ తాళంచెవి ఇంట్లో పెట్టుకోలేదు. పక్కింటి మునెమ్మవ్వకి ఇచ్చింది. మునెమ్మవ్వ వాళ్ళ పెట్టె తాళంచెవి మా ఇంటికి తెచ్చింది. మా మందు వాళ్ళ చేతిలో, వాళ్ళ మందు మా చేతిలో.

మా తాత ఎగిరినాడు. "పొద్దున్నే మందు కొట్టేదానికి పోయేవాణ్ణి, తాళం కోసం ఇంటింటికీ తిరగాల్నా?" అన్నాడు. అవ్వ ఒకటే మాట: "తిరుగు. కాళ్ళు అరిగిపోవులే."

ఇద్దరు ముసలమ్మలు చేసిన ఈ ఏర్పాటుకి ఇంగ్లీషులో పెద్ద పేరు ఉందనీ, దాని మీద డాక్టర్లు రీసెర్చ్ చేశారనీ నాకు పోయినేడు వరకూ తెలియదు. చిత్తూరు దాటితే వచ్చే తమిళనాడులోనే, కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర పూలు పండించే ఊళ్ళలో ఇది చేశారు. చేసింది డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం. చెన్నైలో 1986 నుంచి ఆత్మహత్యల నివారణ కోసం పనిచేస్తున్న స్నేహ సంస్థని మొదలుపెట్టింది ఆవిడే. రెండు ఊళ్ళలో ఊరివాళ్ళతో కలిసి ఒక్కో గది కట్టారు. లోపల బ్యాంకు లాకర్లలాగా తాళం వేసుకునే పెట్టెలు. రైతులు తమ మందులు ఇళ్ళల్లో కాకుండా అక్కడ పెట్టుకోవాలి. పోల్చి చూడటానికి ఇంకో రెండు ఊళ్ళని అలాగే వదిలేశారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, గదులు కట్టిన ఊళ్ళలో మందు తాగిన ఘటనలు మిగతా ఊళ్ళతో పోలిస్తే బాగా తగ్గాయి. 2013లో ఈ పేపర్ వచ్చింది. చిన్న స్టడీ అది, నాలుగే ఊళ్ళు, ఆ ఊళ్ళు మొదటినుంచీ ఒకేలా లేవు కూడా, ఆ సంగతి వాళ్ళే రాసుకున్నారు. నాకు నచ్చింది ఆ లెక్క కంటే, రైతులు చెప్పిన మాట: దీనివల్ల మందు వేస్ట్ కావడం లేదు, చేతికి తొందరగా అందకపోవడం వల్ల ప్రాణాలూ నిలబడుతున్నాయి అని. బలవంతం మీద కాకుండా ఇష్టపడే వాడుకున్నారు.

ఇదే టైంలో శ్రీలంకలో ఇంకో పెద్ద ప్రయోగం జరిగింది. 180 ఊళ్ళు, యాభై వేలకు పైగా ఇళ్ళు. సగం ఊళ్ళలో ఇంటింటికీ తాళం వేసుకునే డబ్బా ఇచ్చారు. 2017లో లాన్సెట్‌లో రిజల్ట్ వచ్చింది. ఉపయోగం ఏమీ కనిపించలేదు.

ఇది చదివినప్పుడు నేను కొంచెం డీలా పడ్డా. ఈ ఆర్టికల్ రాయడం మానేద్దామనుకున్నా కూడా. తర్వాత మా అవ్వ గుర్తొచ్చింది. శ్రీలంకలో డబ్బా ఎవరింట్లో వాళ్ళకే, తాళంచెవి కూడా వాళ్ళింట్లోనే. ఇంట్లో ఉన్న మనిషికి ఇంట్లో ఉన్న తాళం ఎంతసేపు అడ్డం? మేము కంప్యూటర్ సైన్సు వాళ్ళం, పాస్‌వర్డ్‌ని స్టిక్కీ నోట్ మీద రాసి మానిటర్‌కే అంటించినట్టు అన్నమాట. ఓటీపీ ఎందుకు పనిచేస్తుందంటే అది ఇంకో చోటికి వస్తుంది కాబట్టి. మునెమ్మవ్వ మా ఇంటి ఓటీపీ. ఇది నా అభిప్రాయం, స్టడీలో రాసింది కాదు. కానీ ఈ రెండు ప్రయోగాల మధ్య తేడా నాకైతే అక్కడే కనిపిస్తోంది: తాళంలో కాదు, ఆ తాళానికీ మనకీ మధ్య ఇంకో మనిషి ఉండటంలో.

ఇది చెప్తే మా రూమ్‌మేట్ అడిగాడు, "చావాలనుకున్నోడు ఇంకో దారి వెతుక్కుంటాడు కదరా?" అని. అందరూ అడిగే ప్రశ్నే. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2023లో రాజస్థాన్ కోటాలో హాస్టల్ ఫ్యాన్లకి స్ప్రింగులు పెట్టమని జిల్లా అధికారులు ఆర్డరిస్తే, మా ఇంటర్ గ్రూపులో మీమ్స్ వేసి నవ్వుకున్నాం. నేను కూడా ఒకటి ఫార్వర్డ్ చేశా. అక్క పోయిన నాలుగైదేళ్ళకి! అంత తెలివి నాది.

శ్రీలంకలో మందు తాగి ఆస్పత్రికొచ్చి బతికినవాళ్ళని డాక్టర్లు అడిగితే, సగం మందికి పైగా దాని గురించి అరగంట కూడా ఆలోచించలేదని తేలింది. చాలా దేశాల స్టడీలు కలిపి చూస్తే, ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదు. అంటే "చావాలనుకున్నోడు" అని మనం ఒక మనిషికి పర్మనెంట్ పేరు పెడుతున్నాం గానీ, అది చాలామందికి ఒక సాయంత్రం పేరు. ఆ సాయంత్రం దాటితే మనిషి అలాగే ఉంటాడు, కష్టం కూడా ఉంటుంది, కానీ చేతిలో డబ్బా ఉండదు. మన జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ని వెనక్కి లాక్కోవడానికి కొన్ని సెకన్లు ఇస్తారు కదా. ఎంత తిట్టుకుంటూ రాసిన మెయిల్‌ని ఆ కాసేపట్లో ఆపుకున్నానో నాకు తెలుసు.

మన దగ్గర ఇది ఎంత పెద్ద విషయమో వరంగల్ లెక్క చూస్తే తెలుస్తుంది. 1997 నుంచి 2002 వరకూ అక్కడి ప్రభుత్వ ఆస్పత్రికి పురుగుల మందు కేసులు 8040 వచ్చాయి. ఐదుగురిలో ఒకరికంటే ఎక్కువమంది చనిపోయారు. 2002 సంవత్సరం కేసులు వివరంగా చూస్తే మూడింట రెండొంతుల మంది ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళే. రైతు ఆత్మహత్యలు అనగానే మనకి పంచె కట్టుకుని, తలకి తుండుగుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఫొటో గుర్తొస్తుంది. ఆ ఫొటోలో లేనివాళ్ళు, ఆ డబ్బా ఉన్న ఇంట్లోనే ఉండే కొత్త కోడళ్ళు, ఇంటర్ పిల్లలు, డిగ్రీ ఫెయిలైన తమ్ముళ్ళు. మందు కొన్నది ఒకరు, పోయింది ఇంకొకరు. దేశం మొత్తం మీద 2022లో ఆత్మహత్యలు 1,70,924 అని ఎన్‌సీఆర్‌బీ లెక్క, అందులో విద్యార్థులే పదమూడు వేల పైచిలుకు.

ప్రాణం తీసుకోవడం ఒకటే కాదు. 2013 జులైలో బీహార్‌లో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంట నూనెలో కలిసింది పురుగుల మందే. మందూ తిండీ ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంకేం కావాలి?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. గదులూ తాళాల కంటే పెద్ద మందు, మళ్ళీ అదే మాట, నిషేధం. శ్రీలంకలో 1995 నుంచి అన్నిటికంటే ప్రమాదకరమైన పురుగుల మందులని ఒక్కొక్కటే ఆపేస్తూ వచ్చారు. 1995 ప్రాంతంలో లక్షకి 47 దాకా ఉన్న ఆత్మహత్యలు ఇరవై ఏళ్ళలో డెబ్బై శాతం తగ్గాయి. వరి దిగుబడి పడిపోలేదు. మన దేశంలోనూ ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది, తర్వాత ఇంకొన్ని ఆగాయి. ఇంకా ఆగాల్సినవి ఉన్నాయి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల లాంటి ఊళ్ళు 2000 తర్వాత కొన్నేళ్ళలోనే పురుగుల మందులు పూర్తిగా మానేసి వేపకషాయాలతో పత్తి పండించి చూపించాయి. ఇంట్లో డబ్బానే లేకపోతే తాళం గొడవే లేదు.

కానీ నిషేధం ఢిల్లీలో జరగాలి. పంట పద్ధతి మారడానికి ఏళ్ళు పడుతుంది. మా తాత వచ్చే వారం టమాటాకి మందు కొడతాడు. ఈ వారం ఆ డబ్బా ఎక్కడుండాలి అనేదే నా ప్రశ్న.

గది కొత్తగా కట్టక్కర్లేదు. 2020 మే 30న మొదలైన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు అంటున్నారు, రాష్ట్రంలో పదివేలకు పైగా ఉన్నాయి. వాటి పక్కన ఒక గాలాడే గది, నంబర్లు వేసిన పెట్టెలు, ఒక రిజిస్టర్. విత్తనాలు, ఎరువులు ఇచ్చేచోట ఇది పెద్ద వింతేం కాదు. రెండు తాళాలు, ఒకటి రైతుది, ఇంకోటి గది చూసుకునేవాళ్ళది. నేను మొదట దీనికో యాప్ చేద్దామనుకున్నా. క్యూఆర్ కోడ్, లాగిన్, డ్యాష్‌బోర్డ్ అన్నీ గీసుకున్నా. తాతకి చూపిస్తే, "కరెంటు లేకపోతే?" అన్నాడు. యాప్ వద్దు. రిజిస్టర్ చాలు.

కష్టాలు లేవని కాదు. మందు కొట్టేది ఎండెక్కకముందు, అప్పటికి గది ఎవరు తెరుస్తారు? జీతం ఎవరిస్తారు? గది పక్క వీధిలో ఉంటే ఈ వీధివాళ్ళు అక్కడికి పోతారా? మన ఊళ్ళలో వీధి అంటే ఏంటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. కౌలుకి చేసేవాళ్ళలో చాలామంది పేరు రిజిస్టర్లలో ఉండదు, వాళ్ళకి పెట్టె ఇస్తారా? సగం వాడిన డబ్బా పెడితే, "నా మందు తగ్గింది" అని గొడవలు రావా? వస్తాయి. వీటికి నా దగ్గర జవాబు లేదు, ఊళ్ళో కూర్చుని మాట్లాడుకుంటే తప్ప రాదు. అందుకే ఒక పెద్ద గది కుదరకపోతే, మా అవ్వ పద్ధతిలో రెండేసి ఇళ్ళు తాళాలు మార్చుకోవడమైనా మొదలుపెట్టొచ్చు అంటున్నా. దానికి జీవో అక్కర్లేదు. ఈ ఏడాది మన ఎన్ఎస్ఎస్ క్యాంపు ఏ ఊళ్ళో పెట్టినా, రోడ్డు ఊడ్చి ఫొటో దిగే ఒక పూట తగ్గించి, ఈ మాట ఆ ఊరి ఆడవాళ్ళతో మాట్లాడదాం. మగవాళ్ళతో తర్వాత మాట్లాడొచ్చు. మా తాతని చూసి చెప్తున్నా.

హాస్టల్లో ఉన్నవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. మీ పక్క బెడ్ వాడు ఈమధ్య అదోలా ఉంటే, ఏం మాట్లాడాలో తెలియకపోయినా పక్కన కూర్చోండి, ఒక్కడినీ వదలకండి, వాడికి హాని చేసేవి గదిలో ఉంటే మాటల్లో పెట్టి బయటికి తెచ్చేయండి. టెలీ మానస్ నంబర్ 14416, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకోసమే అయినా సరే, సిగ్గుపడేదేం లేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళా. కనుమ మర్నాడు, రంగంపేట పశువుల పండగ చూసొచ్చిన అలసట తీరకముందే, తాత ఐదింటికి లేపి తాళంచెవి తెమ్మన్నాడు. మునెమ్మవ్వ ఇప్పుడు సరిగ్గా నడవలేదు. వాకిట్లో మంచం మీద కూర్చునే ఉంది. తాళంచెవి ఆమె తలవైపు గోడకి మేకుకి వేలాడుతోంది. చెయ్యి చాపబోతే ఆపింది.

"ఎవురు కొడతాండేది?"

"తాత."

"ఏ మడికి?"

"టమాటాకి అవ్వా."

"మీ తాతని ఒకసారి నాకు కనపడి పొమ్మను. మొగం చూసి ఇస్తా."

చలిలో మళ్ళీ ఇంటికి పోయి తాతని పిలుచుకొచ్చా. ఆయన గొణుక్కుంటూనే వచ్చాడు. ఆమె ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "కాఫీ తాగినావా?" అని అడిగి, అప్పుడు మేకు మీదనుంచి తాళంచెవి తీసి ఇచ్చింది.